సెజాన్ లెస్తాక్ సముద్రం: ఇంట్లో అభ్యాస ప్రతి వేయడం ఎలా

“సముద్రం పక్కన పల్లె బొమ్మ వేస్తున్నాను. ఇళ్లు బాగానే వస్తున్నాయి, సముద్రం దగ్గరికి వచ్చేసరికి క్యాలెండర్ బొమ్మలా అయిపోతోంది. సెజాన్, వాన్ గో లాంటి పోస్ట్ ఇంప్రెషనిస్టుల బొమ్మల్లో ఉండే బిగువు రావడం లేదు. ఏం చేయాలి?” అని చాలామంది అడుగుతున్నారు. కొత్తగా అక్రిలిక్ మొదలుపెట్టినవాళ్లూ అడుగుతున్నారు, ఆయిల్ రంగుల్లో చెయ్యి తిరిగినవాళ్లూ అడుగుతున్నారు. దీనికి దగ్గరి దారి ఒకటుంది. మంచి బొమ్మ ఒకటి ఎంచుకుని, దాని ప్రతిని ఓపికగా వేయడం.

అందుకు నేను చెప్పే బొమ్మ ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ 1885 ప్రాంతంలో వేసిన మార్సెయ్ అఖాతం, లెస్తాక్ ఊరి నుంచి చూసిన దృశ్యం. లెస్తాక్ ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, మార్సెయ్ నగరం అంచున ఉన్న ఊరు. అప్పట్లో ఒకవైపు చేపల వేట, మరోవైపు పెంకుల ఫ్యాక్టరీలు. సెజాన్ అక్కడ ఈ అఖాతాన్ని పదే పదే వేశాడు. వాటిలో రెండు బాగా పేరుపడ్డాయి. ఒకటి అమెరికాలో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో, రెండోది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. మనం షికాగో బొమ్మ తీసుకుందాం. దాని కొలత సుమారు 80 × 100 సెంటీమీటర్లు, అంటే 4:5 నిష్పత్తి. మన షాపుల్లో దొరికే 16 × 20 అంగుళాల కాన్వాస్‌కి సరిగ్గా సరిపోతుంది. న్యూయార్క్ బొమ్మ ఇంకాస్త వెడల్పు (73 × 100), దాన్ని ఈ కాన్వాస్ మీద వేయాలంటే పక్కలు కత్తిరించాలి. నిష్పత్తి కుదరకపోతే బొమ్మను సాగదీసి సర్దడం మాత్రం వద్దు, ఇళ్లన్నీ పొట్టిగానో పొడుగ్గానో తయారవుతాయి.

సిద్ధాంతం ఒక్క పేరాలో చెప్పి పనిలోకి దిగుదాం. 1876 జూలైలో సెజాన్ లెస్తాక్ నుంచి మిత్రుడు, తోటి చిత్రకారుడు పిస్సారోకి ఉత్తరం రాస్తూ, ఇక్కడి దృశ్యం పేకముక్కలా ఉంది, నీలి సముద్రం మీద ఎర్రటి కప్పులు అన్నాడు. ఎండ ఎంత తీవ్రంగా ఉందంటే వస్తువుల ఆకారాలు నలుపు తెలుపుల్లోనే కాక నీలం, ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో కూడా విడిగా నిలబడి కనిపిస్తున్నాయనీ రాశాడు. మీ బొమ్మకు కావలసింది ఈ రెండు మాటల్లోనే ఉంది. దూరం పోయేకొద్దీ రంగు వెలిసిపోవాలని మనకు స్కూల్లో నేర్పారు. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. ఈ సముద్రం వెనక్కి వాలదు, నీలి గోడలా ఇళ్ల వెనక నిటారుగా నిలబడుతుంది.

కావలసినవి

కాన్వాస్: 16 × 20 అంగుళాల కాన్వాస్ బోర్డు చాలు. ఫ్రేముకి బిగించినది దొరికితే మంచిదే. కొన్నిటికి పూత పలచగా ఉంటుంది. ముందు ఒక మూల నీటి చుక్క వేసి చూడండి. వెంటనే పీల్చేస్తే గెస్సో, అంటే రంగుల కింద వేసే తెల్ల పూత, ఇంకో రెండుసార్లు వేయాలి.

రంగులు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, క్యాడ్మియం యెల్లో, వెర్మిలియన్, క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ బ్లూ, కోబాల్ట్ బ్లూ, విరిడియన్ గ్రీన్. క్యాడ్మియం, కోబాల్ట్ ఖరీదు. పేరు పక్కన ‘హ్యూ’ అని ఉన్నవి తీసుకున్నా ఈ పనికి సరిపోతాయి. నలుపు ట్యూబు కొనకండి, ఉంటే డ్రాయర్‌లో పెట్టేయండి. సెజాన్ దగ్గర నలుపు ఉండేది, కానీ నేర్చుకునే చేతికి అది అందుబాటులో ఉంటే ప్రతి నీడలోకీ దూరుతుంది.

బ్రష్‌లు: గట్టి హాగ్ హెయిర్ (పంది వెంట్రుకల) ఫ్లాట్ బ్రష్‌లు మూడు, నంబర్ 4, 8, 12. గీతల కోసం సన్నని రౌండ్ ఒకటి. మెత్తటి నైలాన్ బ్రష్‌లతో ఈ బొమ్మ రాదు. అవి రంగును నున్నగా పరిచేస్తాయి, మనకు కావలసింది బ్రష్ జాడ.

ఇంకా: ప్యాలెట్ నైఫ్, పాత కాటన్ గుడ్డలు, స్కేలు, పెన్సిలు. ఆయిల్ అయితే లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్. అక్రిలిక్ అయితే రిటార్డర్, అంటే ఎండటాన్ని ఆలస్యం చేసే ద్రవం.

అక్రిలిక్కా, ఆయిలా? మన ఎండల్లో అక్రిలిక్ ప్యాలెట్ మీదే బిగుసుకుపోతుంది. రిటార్డర్ లేకపోతే ఒక ప్లేటులో తడిపిన టిష్యూలు పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద రంగు పెట్టుకోండి. పూటంతా తడిగా ఉంటుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా కూర్చోండి. ఆయిల్‌లో ఈ టెన్షన్ లేదు, పైగా ఈ బొమ్మకు అదే బాగా నప్పుతుంది. కాకపోతే టర్పెంటైన్ వాడినంతసేపూ కిటికీలు తెరిచి ఉండాలి, చిన్నపిల్లలున్న గదిలో వాడకూడదు. మరో హెచ్చరిక: లిన్సీడ్ ఆయిల్ పీల్చిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, బయట పరిచి ఆరబెట్టి, తర్వాతే పారేయండి.

చేసే విధానం

1. బొమ్మ సంపాదించడం. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సొంత వెబ్‌సైట్‌లోనే పెద్ద సైజు బొమ్మ ఉచితంగా దొరుకుతుంది. సెజాన్ 1906లో చనిపోయాడు, కాబట్టి కాపీరైటు చిక్కు కూడా లేదు. అక్కడా ఇక్కడా దొరికే కాపీల్లో రంగులు రెచ్చగొట్టి ఉంటాయి, వాటి జోలికి వెళ్లకండి. గీతల కోసం 20 × 25 సెంటీమీటర్లలో ఒక ప్రింటు తీసుకోండి. రంగుల కోసం మాత్రం ప్రింటును నమ్మవద్దు. ఇంటి ప్రింటర్లు నీలాన్ని చంపేస్తాయి. ట్యాబ్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చూడండి. అందులో నైట్ మోడ్, కళ్లకు హాయి అని పెట్టే పసుపు ఫిల్టర్ ఆపేయడం మరిచిపోకండి.

2. గళ్లు. ప్రింటు మీద 5 సెంటీమీటర్ల గళ్లు, కాన్వాస్ మీద 4 అంగుళాల గళ్లు గీయండి. రెండింటిలోనూ అడ్డంగా 5, నిలువుగా 4, మొత్తం 20 గళ్లు వస్తాయి. పెన్సిలు తేలిగ్గా ఆనించండి. ఒత్తి గీస్తే ఆకాశంలోంచి గీత కనపడుతూనే ఉంటుంది.

3. నేల రంగు. యెల్లో ఓకర్‌లో చిటికెడు బర్న్ట్ సియెన్నా కలిపి, బాగా పలచన చేసి కాన్వాస్ అంతా గుడ్డతో రుద్దండి. గళ్లు కనిపించేంత పలచగా ఉండాలి. తెల్ల కాన్వాస్ మీద ప్రతి రంగూ ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఈ పూత ఉంటే స్ట్రోకుల మధ్య సందుల్లోంచి వెచ్చదనం తొంగిచూస్తుంది, నీలానికి బలం వస్తుంది. పూర్తిగా ఆరనివ్వండి. ఈ పూత అక్రిలిక్‌తో వేసి పైన ఆయిల్ వేయొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం ఎప్పుడూ వేయకూడదు, పెచ్చులూడిపోతుంది.

4. నాలుగు పట్టీలు. కింద ఊరు, దాని పైన సముద్రం, ఆపైన కొండలు, చివర ఆకాశం. ముందు ఈ నాలుగింటి హద్దులే గీయండి, ఇళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. అల్ట్రామెరీన్‌ను నీళ్లలా పలచన చేసి సన్న బ్రష్‌తో గీస్తే సరి. అవతలి ఒడ్డు గీత ఎక్కడుందో గళ్లు చూసి మరీ పెట్టండి. అది మీరు అనుకున్నదానికంటే పైనే ఉంటుంది. దాదాపు అందరూ దాన్ని కిందికి దించేస్తారు, ఎందుకంటే ఆకాశం ఎక్కువ ఉండాలని మన చేతికి అలవాటు. అంగుళం దిగినా సముద్రం ఇరుకైపోతుంది, బొమ్మ అక్కడే పోయినట్టు.

హద్దులు కుదిరాక ఇళ్ల పెద్ద ఆకారాలు గీయండి. కప్పు ఒక వాలు, గోడ ఒక చతురస్రం, అంతే. కిటికీలు వద్దు. ఇళ్ల మధ్య నిలువుగా లేచిన పొగగొట్టాన్ని మాత్రం జాగ్రత్తగా పెట్టండి, అడ్డంగా పరుచుకున్న పట్టీలను అదే కుడుతుంది.

5. రంగులు ముందే కలిపి పెట్టుకోవడం. బ్రష్‌తో ఒక్కో స్ట్రోకుకీ కలుపుకుంటూ కూర్చుంటే రంగు ప్రతిసారీ మారిపోతుంది. నైఫ్‌తో ముందే కుప్పలు చేసుకోండి.

సముద్రానికి మూడు: కోబాల్ట్‌లో కొంచెం తెలుపు, అల్ట్రామెరీన్‌లో కొంచెం తెలుపు, కోబాల్ట్‌లో విరిడియన్ చుక్క. మూడింటి ముదురుదనం ఒకేలా ఉండాలి, ఛాయ మాత్రమే మారాలి. ఇది కీలకం. ఒక్కోటీ రెండు టీస్పూన్లకు తగ్గకుండా కలపండి. సగంలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం కష్టం.

ఎండ పడిన కప్పుకి వెర్మిలియన్, ఓకర్, కొంచెం తెలుపు. నీడ కప్పుకి బర్న్ట్ సియెన్నా, క్రిమ్సన్. ఎండ గోడకి తెలుపులో ఓకర్. నీడ గోడకి అదే మిశ్రమంలో కోబాల్ట్, కొసరు క్రిమ్సన్ కలిపితే ఊదా బూడిద వస్తుంది. చెట్లకు విరిడియన్‌లో ఓకర్, ముదురుకి అల్ట్రామెరీన్ కలపండి. ట్యూబులోంచి పిండిన విరిడియన్ అలాగే వేస్తే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది.

అక్రిలిక్ వాడేవాళ్లు ప్రతి కుప్ప నుంచీ ఒక గీత కాగితం మీద రాసి ఆరనివ్వండి. ఆరాక ముదురుతుంది. కావలసినదానికంటే ఒక పిసరు లేతగా కలుపుకోవాలి.

6. సముద్రం. బొమ్మంతా ఇక్కడే నిలబడుతుంది లేదా పడిపోతుంది, అందుకే ఇళ్లకంటే ముందు దీన్ని వేయిస్తున్నాను.

నంబర్ 8 ఫ్లాట్ బ్రష్ నిండా రంగు తీసుకోండి. సుమారు అంగుళం పొడవు స్ట్రోకు వేసి బ్రష్ ఎత్తేయండి. దాని పక్కనే, అదే దిశలో, రెండో నీలంతో ఇంకొకటి. మళ్లీ ఎత్తేయండి. పక్కపక్కన, ఒకే వాలులో ఇలా పేర్చుకుంటూ వెళ్లడం 1880ల మొదట్లో సెజాన్ చేతికి బాగా పట్టుబడిన పద్ధతి. వేసిన స్ట్రోకు మీద మళ్లీ బ్రష్ తిప్పకూడదు. తప్పుగా పడితే నైఫ్‌తో గీకేసి మళ్లీ వేయండి, రుద్ది సర్దకండి.

కింది నుంచి పైదాకా నీలం బలం తగ్గకూడదు. అవతలి ఒడ్డు దగ్గరపడేసరికి చెయ్యి తనంతట తానే తెలుపు వైపు వెళ్తుంది. ఆపండి. దూరం కనిపించాలంటే తెలుపు కలపనక్కర్లేదు, స్ట్రోకు చిన్నది చేయండి. ఇళ్ల దగ్గర అంగుళం ఉన్నది, ఒడ్డు దగ్గర అరంగుళం అయితే చాలు.

కెరటాలు వద్దు. నురుగు వద్దు. మెరుపు చుక్కలు అసలే వద్దు. ఎత్తు నుంచి చూస్తున్న అఖాతం ఇది.

ఇక్కడ ఒకసారి లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. నీలం ముద్దగా, బరువుగా అనిపిస్తే సరిగ్గా వచ్చినట్టే. “మరీ ఎక్కువైందేమో” అన్న భయం వేస్తుంది. ఎరుపు పడేదాకా తీర్పు చెప్పకండి. పక్కన వెర్మిలియన్ చేరగానే ఇదే నీలం చోటులో కూర్చుంటుంది.

7. కొండలు, ఆకాశం. కొండలకు సముద్రపు నీలంలోనే తెలుపు, క్రిమ్సన్ కలపండి, ఎండ తగిలే చోట కొంచెం ఓకర్. కొండ అంచు స్పష్టంగా ఉండాలి, పొగమంచులా చెరిపేయకండి. ఆకాశం నాలుగు పట్టీల్లోకీ లేతది, పలచన. తెలుపు, కోబాల్ట్, విరిడియన్ ఛాయ మాత్రం. స్ట్రోకులు కనిపించాలి కానీ అరవకూడదు. దీని మీద ఎక్కువసేపు గడపవద్దు.

8. ఇళ్లు. ప్రతి ఇంటినీ రెండు మూడు ముఖాలుగా చూడండి: ఎండ కప్పు, ఎండ గోడ, నీడ గోడ. ఒక్కో ముఖానికి ఒక్కో కుప్ప. ముఖం మారిన చోట రంగు మారాలి, మధ్యలో మెల్లగా కలిసిపోకూడదు. గోడ అంచు దగ్గర మెత్తగా నీడ దించితే ఇల్లు గుండ్రంగా, రబ్బరులా తయారవుతుంది.

దగ్గరగా ఒక కప్పు తీసుకుని చూద్దాం. ముందు వెర్మిలియన్ మిశ్రమం కప్పు వాలు వెంట నాలుగు స్ట్రోకులు. వాటి పక్కన ఓకర్ ఎక్కువైన మిశ్రమం రెండు. సముద్రానికి ఆనుకున్న అంచులో మాత్రం అసలు ఎరుపు, తెలుపు కలపనిది, ఒకే ఒక్క స్ట్రోకు. ఆ అంచులో నీలం, ఎరుపు ఒకదాన్నొకటి తాకి కంపిస్తాయి. పెంకులు ఒక్కొక్కటిగా గీయాలనిపిస్తుంది, గీయకండి. ఈ దూరానికి పెంకు కనిపించదు, రంగే కనిపిస్తుంది.

నీలం తడిగా ఉండగా పక్కన ఎరుపు వేస్తే రెండూ కలిసి బురద రంగు వస్తుంది. ఆయిల్‌లో అయితే సముద్రం వేశాక రెండు మూడు రోజులు ఆగి ఇళ్లు వేయండి. ఆగలేకపోతే రెండు రంగుల మధ్య సన్నగా నేల రంగు సందు వదిలేయండి, తర్వాత గీతతో పూడుస్తాం.

9. చెట్లు. చెట్లు, పొదలు ఇళ్ల మధ్య ఖాళీలను నింపేవి మాత్రమే. ఆకులు వేయకండి, గుబురులు వేయండి. మూడు పచ్చలు, స్ట్రోకులన్నీ ఒకే వాలు. పచ్చ పక్కన అక్కడక్కడా ఓకర్ మట్టి కనిపించాలి. ఎంత పచ్చ పెడితే ఎరుపు అంత వెలుగుతుందన్నది నిజమే, కానీ పచ్చ ఇళ్లను మింగేస్తే పల్లె పోయి తోట మిగులుతుంది.

10. నీలి గీతలు. ఇళ్ల అంచులు, పొగగొట్టం, కొండ శిఖరం అక్కడక్కడా అల్ట్రామెరీన్ గీతతో పట్టుకోండి. అన్ని అంచులకూ ఒకే మందంలో గీస్తే రంగులు నింపే పిల్లల పుస్తకంలా ఉంటుంది. నీడవైపు గీయండి, ఎండవైపు వదిలేయండి. గీత మధ్యలో తెగాలి. చెయ్యి సందేహిస్తే అక్కడితో ఆపేయండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఫోన్‌తో బొమ్మను ఫొటో తీసి, అసలు బొమ్మనూ పక్కన పెట్టి, రెండింటినీ బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఆకాశం లేతగా, ఎండ గోడలు లేతగా, సముద్రం వాటికంటే స్పష్టంగా ముదురుగా ఉండాలి. మీ సముద్రం, ఆకాశం ఒకే బూడిదలో కలిసిపోయాయంటే నీలంలో తెలుపు ఎక్కువైంది. ఎక్కువ బొమ్మల్లో ఉండే తప్పు ఇదే.

అదే ఫొటోను కుడి ఎడమలు మార్చి చూడండి. పొగగొట్టం ఒరిగితే, గోడలు ఒకవైపు వాలితే అప్పుడే పట్టుబడతాయి. సెజాన్ గీతలు కూడా పక్కా నిలువు కావు. అసలు బొమ్మలో ఎంత ఒరిగిందో చూసుకుని తర్వాతే దిద్దండి.

కళ్లు సగం మూసి చూడండి. నాలుగు పట్టీలు విడివిడిగా కనిపించాలి. కొండ, సముద్రం కలిసిపోతే కొండలో క్రిమ్సన్ కొసరు పెంచండి.

పగటి వెలుతురులో చూడండి. రాత్రి పసుపు బల్బు కింద వేసిన నీలం పొద్దున్నే గుండె గుభేల్మనిపిస్తుంది. ఆ వెలుగులో నీలం నీరసంగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువ వేసేస్తాం. రాత్రిపూట తప్ప వీలుకానివాళ్లు తెల్లని డేలైట్ ఎల్‌ఈడీ పెట్టుకోండి.

మళ్లీ మళ్లీ వచ్చే ఇబ్బందులు

*రంగులన్నీ మురికిగా మారాయి.* బ్రష్ తుడవకుండా నీలం నుంచి ఎరుపుకి వెళ్లారు. వెచ్చని రంగులకో బ్రష్, చల్లని రంగులకో బ్రష్ విడిగా పెట్టుకోండి. టర్పెంటైన్ లేదా నీళ్లు బూడిద రంగులోకి మారగానే మార్చేయాలి.

*స్ట్రోకులు వేశాను, కానీ గడ్డి మొలిచినట్టుంది.* స్ట్రోకులు సన్నగా, ఎండిన బ్రష్‌తో పడ్డాయి. పెద్ద బ్రష్ తీసుకుని రంగు రెట్టింపు ఎత్తండి. దిశ కూడా చూసుకోండి, ఒక్కో చోట ఒక్కో వాలు ఉంటే పట్టీ చెదిరిపోతుంది.

*సెజాన్ బొమ్మలా లేదు, వాన్ గో బొమ్మలా ఉంది.* రంగు మందంగా వేసి స్ట్రోకులు సుడులు తిప్పారన్నమాట. వాన్ గో కూడా 1888లో ఇదే మధ్యధరా తీరంలో సాంత్ మరీ ఊరిని వేశాడు. చాలా గొప్ప పని, కానీ ఆయన చెయ్యి వేరు. ఇక్కడ స్ట్రోకు తిన్నగా పోవాలి, మందం మధ్యస్తంగా ఉండాలి.

*ఓపిక సరిపోవడం లేదు.* అక్కడి ఆలివ్, పైన్ చెట్లు ఆకు రాల్చవు, మూడు నాలుగు నెలలు పట్టే బొమ్మలు ఇక్కడ వేసుకోవచ్చని సెజాన్ అదే ఉత్తరంలో పిస్సారోకి రాశాడు. మీరు రోజుకో పట్టీ వేసినా ఆలస్యమేమీ కాదు. అంత టైమ్ లేదంటే ఆయిల్ పేస్టల్స్‌తో ఏ4 సైజులో సముద్రం, మూడు కప్పులు మాత్రం వేయండి. నేర్చుకోవలసిన దానిలో ముఖ్యమైనది దానిలోనే వచ్చేస్తుంది.

మన తీరంలో వేయాలంటే

ఈ అభ్యాస ప్రతి పూర్తయ్యాక భీమిలిలోనో మరో తీరంలోనో సొంతంగా వేయాలని అనిపిస్తుంది, వేయాలి కూడా. సముద్రమట్టం దగ్గర నిలబడితే ఈ కూర్పు దొరకదు. ఊరు కింద, నీళ్లు పైన కనిపించాలంటే కొండ ఎక్కాలి, కనీసం మేడ ఎక్కాలి. మన సముద్రం తూర్పున ఉంది. ఉదయం ఎండ ఎదురుగా కొడుతుంది, నీళ్లు తెల్లగా మెరుస్తాయి, ఇళ్లన్నీ నల్లగా కనిపిస్తాయి. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. సూర్యుడు మీ వెనక ఉంటాడు, గోడలు వెలుగుతాయి, నీలం చిక్కబడుతుంది. పెంకుల కప్పులు ఇప్పుడు తగ్గి డాబాలు పెరిగాయి. అయినా ఎరుపు కోసం వెతికి ఒకటైనా పట్టుకోండి. నీలి టార్పాలిన్ కప్పిన ఇల్లు సముద్రం పక్కన పెడితే రెండు నీలాలు తగువులాడతాయి.

ఆరబెట్టడం

అక్రిలిక్ అయితే రెండు మూడు రోజులు ఆగి వార్నిష్ వేయొచ్చు. ఆయిల్ బొమ్మకు ఆరు నెలలు ఆగాలి. పైకి ఆరినట్టే ఉన్నా లోపల తడి ఉంటుంది, తొందరపడితే పైపొర పగులుతుంది. వానాకాలంలో కాన్వాస్‌ను గోడకు ఆనించి పెట్టకండి, వెనక బూజు పడుతుంది. వెనక చిన్న చెక్కముక్కలు అడ్డం పెట్టి వేలాడదీస్తే గాలి ఆడుతుంది. సంతకం పెట్టేటప్పుడు కాన్వాస్ వెనక “పాల్ సెజాన్ చిత్రానికి అభ్యాస ప్రతి” అని, మీ పేరు, సంవత్సరం రాయండి. ఎవరికైనా ఇచ్చినా, అమ్మినా ఆ మాట బొమ్మతోపాటే వెళ్లాలి.